బ్యాటరీ రంపంతో కొమ్మలు కోసేటప్పుడు ఖాళీ చెయ్యి ఎక్కడుంది?

మా తోటలో పనిముట్ల పాకలో ఒక మేకుకి ఎడమచేతి గ్లవుజు వేలాడుతూ ఉంటుంది. బొటనవేలి పక్కన రెండంగుళాల మేర తోలు చిరిగి, లోపలి నూలుపోగులు బయటికొచ్చి ఉంటాయి. వేలికి ఏమీ కాలేదు. బ్యాటరీ రంపం స్విచ్ వదిలాక దాని పళ్ల గొలుసు ఆగేలోపు తిరిగిన ఆఖరి చుట్టు తగిలిందంతే. పూర్తి వేగంలో తగిలుంటే ఆ తోలు దేనికీ అడ్డమయ్యేది కాదు.

జరిగింది చాలా చిన్న పని దగ్గర. ఆరుద్ర కార్తె. కాయంతా దిగిపోయింది. చిన్నరసాల చెట్టుకి దారికడ్డంగా వాలిన కొమ్మ ఒకటి, మణికట్టు లావుంటుందేమో. రంపం ఆనించగానే ఊగింది. ఊగే కొమ్మను పట్టుకోవడానికి ఎడమ చెయ్యి తనంతట తానే వెళ్లిపోయింది.

కొడవలి పట్టిన చేతులన్నిటికీ ఉన్న అలవాటే ఇది. ఎడమచేత్తో పిడికెడు పట్టు, కుడిచేత్తో కొయ్యి. గడ్డికైనా వరికైనా తోటకూరకైనా అంతే. చేతిరంపంతో కోసినా ఎడమచేత్తో కొమ్మను అదిమే కోస్తాం. పెట్రోలుతో నడిచే పెద్ద చైన్‌సాతో ఈ చిక్కు అంతగా రాదు. దానికి రెండు పిడులుంటాయి, బరువుంటుంది, రెండు చేతులూ పెడితే తప్ప లేవదు. ఇప్పుడు ఇంటింటికీ వస్తున్న నాలుగంగుళాల, ఆరంగుళాల బ్యాటరీ రంపం కిలో, కిలోన్నర మించదు. ఒక్క చేతిలో ఇమిడిపోతుంది. రెండో చెయ్యి ఖాళీ. ప్రమాదమంతా ఆ ఖాళీ చేతిలో ఉంది. కింద రాసిన పద్ధతిలో చాలా మెట్లు ఆ చేతికి ఏదో ఒక పని అప్పగించడానికే.

కొనేముందు

కొమ్మలు కోసే బ్యాటరీ రంపాలు రెండు రకాలు. ఒకటి చిన్న చైన్‌సా: బారు అనే పొడుగు ఇనుప పలక చుట్టూ పళ్ల గొలుసు తిరుగుతుంది. రెండోది ముందుకీ వెనక్కీ ఆడే బ్లేడు రంపం. ఇంట్లో ఒకటో రెండో జామచెట్లు, ఒక కరివేపాకు, ఒక మందారం ఉంటే రెండోదే మేలని నా అభిప్రాయం. నిదానంగా కోస్తుంది, చేతులు అదురుతాయి, కానీ గొలుసు రంపంలా ఎగిరి మీదికి రాదు. మామిడి, సపోటా, బత్తాయి చెట్లు పదీ ఇరవై ఉన్నవాళ్లకే గొలుసు రంపం అవసరం. ఇక్కడ రాస్తున్నది దాని గురించే.

బారు ఎన్ని అంగుళాలుంటే అంత లావు కొమ్మ కోయొచ్చని అంగడివాళ్లు అంటారు. నేను బారు పొడవులో మూడింట రెండొంతులకే ఆగుతాను. ఆరంగుళాల బారుకి నాలుగంగుళాల కొమ్మ. అంతకు మించితే బారు కొన కట్టెలో పాతుకుపోయి ఎక్కడుందో కనపడదు.

బ్యాటరీ మీది అంకెలు చూసి మురిసిపోకండి. లిథియం సెల్ నిండుగా చార్జయినప్పుడు 4.2 వోల్టులు, మామూలుగా 3.6 వోల్టులు. అయిదు సెల్స్ వరసగా ఉన్న ప్యాక్‌ని ఒకరు 21 వోల్టులంటారు, ఇంకొకరు 18 అంటారు. రెండూ ఒకటే. అదే సైజు ప్యాక్ మీద 48 అనో 88 అనో స్టిక్కరు అంటించి ఉంటే, అది అమ్మేవాడి ఉత్సాహం.

కొనేటప్పుడు మూడు చూడండి. స్విచ్ నొక్కాలంటే ముందు ఇంకో బొత్తాం నొక్కి తీరాల్సిన లాక్ ఉందా? బారు పైన, కొన దగ్గర కప్పే గార్డు ఉందా? స్విచ్ వదిలిన వెంటనే గొలుసు ఆగుతోందా, ఇంకా తిరుగుతూనే ఉందా? పెద్ద చైన్‌సాలకి ముందు ఒక అడ్డుపలక, దాన్ని తోస్తే పడే బ్రేకు ఉంటాయి. ఈ చిన్నవాటిలో చాలావాటికి ఆ బ్రేకు ఉండదు. అంచేత ఈ మూడిట్లో ఏది లేకపోయినా ఆ మిషను సగం ధరకు వచ్చినా వద్దు.

గొలుసు ఎక్కించడం, బిగించడం

మొట్టమొదట బ్యాటరీ తియ్యండి. గొలుసును చేత్తో ముట్టుకునే ప్రతిసారీ బ్యాటరీ బయట ఉండాలి. లాక్ ఉంది కదా అని వదిలెయ్యొద్దు. మా ఇంట్లో నియమం ఏంటంటే, బ్యాటరీ నా జేబులో ఉంటేనే గొలుసు మీద చెయ్యి.

పక్క మూత విప్పితే గేరు చక్రం, దాని ముందు బారు కనిపిస్తాయి. గొలుసు కింది వైపున్న మొనలు బారు గాడిలో కూర్చోవాలి. బారు పైభాగాన పళ్ల వాడి అంచు కొనవైపు చూస్తూ ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే గొలుసు తిరుగుతుంది గానీ కోయదు, పొగొస్తుంది. మిషను పాడైందని దుకాణానికి పట్టుకెళ్లినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరిదీ ఇదే సంగతి.

బిగువు చూసే పద్ధతి: బారు మధ్యలో, కింది వైపు గొలుసును రెండు వేళ్లతో లాగి వదలండి. టక్కున వెనక్కి అతుక్కోవాలి. లాగినప్పుడు కింది మొనలు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. అలాగని బిర్రుగా ఉన్నా తప్పే. గ్లవుజు వేసుకున్న చేత్తో పళ్ల వరసన జరిపితే బారు చుట్టూ సులువుగా తిరగాలి. వదులైతే గొలుసు జారి ఎగురుతుంది, బిర్రైతే మోటారు వేడెక్కుతుంది. కొత్త గొలుసు మొదటి పావుగంటలోనే సాగుతుంది కాబట్టి నాలుగైదు కొమ్మలు కోసి ఆపి, చల్లారనిచ్చి మళ్లీ చూడండి. వేడి మీద బిగిస్తే చల్లారాక కుదించుకుని బారును పట్టేస్తుంది. పని అయ్యాక ఒకసారి వదులు చేసి పెట్టడం అందుకే.

ఇక నూనె. చిన్న రంపాల్లో చాలావాటికి తనంతట తాను నూనె వేసుకునే ఏర్పాటు లేదు. ఉన్నవాటిలోనూ చిన్న డబ్బా, బొత్తాం మనమే నొక్కాలి. నూనె లేని గొలుసు నిమిషాల్లో బారు గాడిని తినేస్తుంది. నేను పది కొమ్మలకొకసారి ఆపి, బ్యాటరీ తీసి, గాడి పొడవునా సన్నగా నాలుగైదు చుక్కలు వేస్తాను. చైన్ ఆయిల్ దొరక్కపోతే కొత్త ఇంజన్ ఆయిల్ చాలు. బండిలోంచి తీసిన పాత నల్ల ఆయిల్ మాత్రం వద్దు. దాంట్లో ఇనుప రజను ఉంటుంది, ఒంటికి తగలకూడని విషాలుంటాయి. గొలుసు మీంచి చిమ్మి మన మొహం మీదే పడుతుంది, చెట్టు గాయంలోకీ పోతుంది.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

తోటలోకి లుంగీతో వెళ్లడం మనకు అలవాటు. ఆ రోజు మాత్రం ప్యాంటు. భుజం మీది కండువా, తలకు చుట్టిన తువ్వాలు వేలాడే కొస, చీర కొంగు, చున్నీ, మెడలో వేలాడే గొలుసు, వదులుగా విప్పిన జడ, వీటిలో ఏదైనా గొలుసు పళ్లకి అందితే లోపలికి లాక్కుంటుంది. ఆడవాళ్లు కోస్తుంటే జడ చుట్టి, చీర మీద పొడుగు చేతుల చొక్కా వేసి, కొంగు చొక్కా లోపలికి దోపుకోవాలి. తోట కూలీలు ఎండకి ఎలాగూ అలాగే వేసుకుంటారు, ఇక్కడ అది పనికొస్తుంది.

కళ్లకు పక్కలు కూడా మూసే కళ్లద్దాలు తప్పనిసరి. మామిడి అయితే మరీ. కోసినచోట ఊరే సొన చర్మం మీద పడితే పొక్కుతుంది, కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. కాళ్లకు బూట్లు. చెప్పులతో కొమ్మల మధ్య తిరిగేటప్పుడు జారడం ఒక్క క్షణం పని, చేతిలో ఉన్నది రంపం. తల ఎత్తి కోసే పనైతే హెల్మెట్ కూడా.

గ్లవుజు గురించి ఒక మాట. అది పట్టు జారకుండా ఉండటానికీ గీతలు పడకుండా ఉండటానికీ. మామూలు తోలు గ్లవుజు తిరిగే గొలుసును ఆపదు. మా పాకలో వేలాడేది అదృష్టం, రక్షణ కాదు.

చెట్టు చుట్టూ ఒక చుట్టు

రంపం కింద పెట్టి, చేతులు వెనక కట్టుకుని చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. మొదట పైకి చూడండి, కరెంటు తీగలు. కొమ్మ తీగకు తగులుతున్నా, పడేటప్పుడు తగిలేలా ఉన్నా, మీరు ముట్టుకోవద్దు. లైన్‌మన్‌కి చెప్పండి, 1912కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. సరఫరా ఆపాకే కోత. పచ్చి కొమ్మలో నీరుంటుంది, కరెంటు దానిగుండా దిగుతుంది. గెడ రంపాల అల్యూమినియం గెడ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటి మాన్యువళ్లలో తీగకు 10, 15 మీటర్ల దూరం పాటించమని రాసి ఉంటుంది.

తర్వాత జీవాలు. మామిడి ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఉంటే ఆ కొమ్మ ఆ పూటకు వదిలెయ్యండి. మెడలో చీమ కుడితే చెయ్యి ఎటు పోతుందో మనకు తెలియదు, మళ్లీ అదే ఖాళీ చెయ్యి. తేనెపట్టు, కందిరీగల గూడు ఉన్న చెట్టు దగ్గర మిషను శబ్దమే చెయ్యొద్దు. పిట్ట గూడుంటే పిల్లలు ఎగిరేదాకా ఆగితే మన సొమ్మేం పోదు.

ఆ పైన ఎండు కొమ్మలు. మనం కోసేది ఒకటి, అదురుకి పైనుంచి ఊడిపడేది ఇంకొకటి. పాత మామిడి చెట్లలో కాండం తొలిచే పురుగు పడ్డ కొమ్మలు పైకి గట్టిగానే కనిపిస్తాయి. కొమ్మ మొదలు దగ్గర రంధ్రం, దాని కింద రంపప్పొట్టులాంటి పిప్పి, జిగురు కనపడితే ఆ కొమ్మ కింద నిలబడకండి.

ఇక కొమ్మ పడేచోటు. పొడవుకి రెండింతల వ్యాసంలో మనుషులు, మేకలు, బండి ఏమీ ఉండకూడదు. మీరు వెనక్కి తప్పుకునే దారిలో రాళ్లు, పాత కొమ్మలు ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. ఒంటరిగా పని పెట్టుకోవద్దు. పిలిస్తే పలికే దూరంలో ఒక మనిషి ఉండాలి, కానీ రంపం అందేంత దగ్గర ఉండకూడదు.

నేను చెప్తున్నది కొమ్మల కత్తిరింపు వరకే. చెట్టును మొదలంటా కొట్టడం వేరే వ్యవహారం. దానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి చూసుకోవాలి. వీధిలో ఉన్న చెట్టైతే మున్సిపాలిటీని అడగాలి.

కోత

ఇక్కడ కాస్త నిదానిద్దాం.

కాళ్లు భుజాలంత ఎడంగా, ఎడమ కాలు అరడుగు ముందుకు. రంపం నాభికీ ఛాతీకీ మధ్య ఎత్తులో. భుజం దాటి పైకి ఎత్తి ఎప్పుడూ కోయకండి. బారు మీ శరీరం గీతలో ఉండకూడదు, కుడిపక్కకు జరిగి ఉండాలి. మీదికి ఎగిరినా పక్కనుంచి పోవాలి.

ఎందుకు ఎగురుతుందంటే, గొలుసు బారు కింద వైపు మన దగ్గరికి, పై వైపు మననుంచి దూరంగా పరిగెడుతుంది. కింది అంచుతో కోస్తే రంపం కొమ్మలోకి లాక్కుంటుంది, అది మంచిదే, అదుపులో ఉంటుంది. పై అంచుతో కోస్తే మనవైపు తోస్తుంది, కాస్త కాచుకోవాలి. కానీ బారు కొనలో పై సగం దేనికైనా తగిలిందా, పళ్లు కరవలేక ఆగిపోయి, ఆ వేగమంతా బారును పైకీ వెనక్కీ విసురుతుంది. కనురెప్ప వేసేలోపు జరిగిపోతుంది. చిన్న రంపంలో కూడా గొలుసు బారు చుట్టూ సెకనుకు పది, పదిహేను చుట్లు తిరుగుతుంది. మన చెయ్యి దానితో పందెం వెయ్యలేదు.

అందుకని కొనతో పొడవొద్దు. గుబురులోకి రంపం దూర్చి లోపలి కొమ్మను తడుముకుంటూ కోయొద్దు. కొన వెనక ఏముందో కనపడాలి. ముందు సికేచర్‌తో (కొమ్మల కత్తెరతో) చిన్న రెమ్మలన్నీ తీసి దారి చేసుకోండి. వేలు కంటే సన్నని రెమ్మల మీద రంపమే వాడొద్దు, గొలుసు వాటిని కోయదు, పట్టుకుని కొరడాలా మొహం మీద కొడుతుంది.

ఇప్పుడు ఖాళీ చెయ్యి. మిషను పిడి చాలినంత పొడవుంటే రెండో చెయ్యి కూడా పిడి మీదికి రానివ్వండి. చాలకపోతే ఆ చేత్తో కుడి మణికట్టు పట్టుకోండి. అదీ కుదరకపోతే పిడికిలి మూసి వీపు వెనక పెట్టుకోండి. నవ్వొచ్చేలా ఉంటుంది, బళ్లో మాస్టారి ముందు నిలబడ్డట్టు. మా బాబాయి మొదటిరోజు చూసి, "కొమ్మ పట్టుకోకపోతే ఊగదట్రా?" అన్నాడు. ఊగుతుంది, నిజమే. ఊగే కొమ్మను ఆపడానికి చెయ్యి అక్కర్లేదు బాబాయ్ అని దోటి తెచ్చి చూపించాను. మామిడికాయలు కోసే దోటి కొక్కేన్ని కొమ్మ చివర తగిలించి, అవతలి మనిషి బారెడు దూరం నుంచి లాగి పట్టుకుంటాడు. కొమ్మ కదలదు. దోటి లేకపోతే తాడు. ఇప్పుడు బాబాయే దోటి పట్టుకుని నిలబడి, నా ఎడమ చెయ్యి ముందుకొస్తే "చెయ్యి!" అని అరుస్తాడు.

స్విచ్ నొక్కి గొలుసు పూర్తి వేగం అందుకున్నాకే కొమ్మకు ఆనించండి. ఆగి ఉన్న గొలుసును ఆనించి స్విచ్ నొక్కితే పళ్లు కరుచుకుని చెయ్యి విదిలిస్తుంది. బారు మొదలు, మోటారు దగ్గరి భాగం, కొమ్మకు తగిలేలా పెట్టండి. మిషను ముందుభాగం కొమ్మను ఒరుసుకుని ఉంటే రంపం గుంజుకోదు. నొక్కొద్దు, దాని బరువుకి అదే దిగుతుంది. కోత పూర్తవుతుందనగా ఆ బరువు మీ చేతిలో పడుతుంది, కిందికి జారిపోకుండా కాచుకోండి. మోకాలికి తగిలే దెబ్బలు ఇక్కడే. గొలుసు పూర్తిగా ఆగిందని కళ్లతో చూశాకే రంపం దించండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నడిచేటప్పుడు తొడుగు వేసి, బ్యాటరీ తీసి.

లావు కొమ్మకి మూడు కోతలు

బొటనవేలు లావు దాటితే ఒక్క కోతతో కొయ్యకండి. పైనుంచి ఒకే కోత వేస్తే సగంలోనే కొమ్మ బరువుకి విరిగి, కింది బెరడును మాను దాకా చీల్చుకుంటూ పోతుంది. మునగను చూడండి, అంత మెత్తని కట్టె, కత్తి తగలగానే ఊడి వేలాడుతుంది. మునగచెట్టు ఎక్కించడమనే మాట ఊరికే పుట్టలేదు.

మొదటి కోత మాను నుంచి అడుగు దూరంలో, కొమ్మ కింది వైపు నుంచి, లావులో నాలుగో వంతు. అంతకన్నా లోతు పోతే కొమ్మ వాలి బారును నొక్కేస్తుంది. ఈ కోత బారు పై అంచుతో కాబట్టి రంపం మీవైపు తోస్తుంది, గట్టిగా పట్టండి. రెండోది పైనుంచి, మొదటిదానికి రెండు మూడంగుళాలు అవతలగా, కొమ్మ చివరివైపు. ఇది మొత్తం దిగేలోపే కొమ్మ టప్పున విరిగి పడుతుంది, చీలిక మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. మిగిలిన అడుగు మోడుకి బరువు లేదు. మూడో కోతతో దాన్ని నిదానంగా, సరైన చోట తీసెయ్యండి.

ఆ సరైన చోటు ఏదంటే, కొమ్మ మానుతో కలిసేచోట ఉబ్బెత్తుగా చుట్టు ఉంటుంది, దాన్ని కాలర్ అంటారు. పైభాగాన బెరడు ముడతలు పడి ఉంటుంది. కాలర్‌ను తాకకుండా దాని వెలుపలి అంచున కొయ్యాలి. మానుకు సమంగా నున్నగా చెక్కేస్తే చూడ్డానికి బాగుంటుంది, చెట్టుకి మాత్రం పెద్ద గాయం. జానెడు మోడు వదిలితే అది కుళ్లి, ఆ కుళ్లు లోపలికి దిగుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన ఆలెక్స్ షైగో అనే ఆయన వేలాది చెట్లను చైన్‌సాతో నిలువునా కోసి, గాయాలు లోపల ఎలా నడుస్తాయో చూశాడు. చెట్టుకి గాయం మానదు, చెట్టు దాని చుట్టూ గోడ కట్టి మూసేస్తుంది అని తేల్చింది ఆయనే. ఆ గోడ కట్టే సరుకంతా కాలర్‌లో ఉంటుంది.

గాయాలకు పూసే పూతలు కుళ్లును ఆపవని కూడా షైగో అన్నాడు. మనవైపు బోర్డో పేస్టు పూయమని చెప్తారు. తారు, పెయింటు మూతల్లాంటివి, బోర్డో పేస్టు మాత్రం శిలీంధ్రాలను చంపే మందు. వానాకాలం మొదట్లో కోస్తాం కాబట్టి అంగుళంన్నర దాటిన గాయాలకు నేను పూస్తాను, చిన్నవాటిని వదిలేస్తాను. నాలుగు చెట్లకి 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి కలపండి. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపాక శుభ్రమైన కొడవలి మొన ఒక నిమిషం ముంచి తీయండి. ఇనుము మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త వెయ్యండి. తెల్లగా ఉంటే సరిపోయింది. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి.

వంగిన కొమ్మలు, ఇరుక్కున్న బారు

గాలివానకి విరిగి రెండు చివర్లూ ఆనుకుని మధ్యలో వేలాడే కొమ్మ చాలా మోసకారి. చెట్టుకు నిలిచిన కొమ్మలో పైభాగం సాగి ఉంటుంది, కిందిభాగం నొక్కుకుని ఉంటుంది. రెండు చివరలా ఆనిన కొమ్మలో ఇది తిరగబడుతుంది. నొక్కుకున్న వైపు ముందు కొంచెం, నాలుగో వంతు, ఆ తర్వాత సాగిన వైపు నుంచి మిగతాది. విల్లులా వంగి కింద చిక్కుకున్న కొమ్మ పక్కన, అది విదిలించుకుంటే కొట్టే దిక్కున నిలబడొద్దు.

ఎంత జాగ్రత్తపడ్డా బారు ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కుంటుంది. స్విచ్ నొక్కుతూ గుంజకండి. బ్యాటరీ తీసి, కొమ్మను దోటితో పైకెత్తించి, కోత విచ్చుకున్నాక రంపం తియ్యండి. ఎత్తలేనంత బరువుంటే చేతిరంపంతో ఇంకోచోట కోసి బరువు తగ్గించండి.

పైకి అందకపోతే

రంపం నిచ్చెన ఎక్కదు. ఇందులో మినహాయింపు నాకు తెలియదు. నిచ్చెన మీద నిలబడ్డవాడి ఖాళీ చెయ్యి నిచ్చెననో కొమ్మనో పట్టుకుని ఉంటుంది, రంపం ముఖానికి ఎదురుగా ఉంటుంది, విరిగిన కొమ్మ ఊగి నిచ్చెననే కొడుతుంది. స్టూలు, డ్రమ్ము, ట్రాక్టరు ట్రక్కు అంచు, అన్నీ ఇదే లెక్క. పైకొమ్మలకి గెడ రంపం. అది ఉన్నా కొమ్మ నిట్టనిలువు కింద నిలబడొద్దు. గెడ నేలతో 60 డిగ్రీలు దాటకుండా వాలుగా పట్టండి. పది నిమిషాలకే మెడ పట్టేస్తుంది, ఆపండి. గెడకు కూడా అందనిది చెట్లెక్కి పనిచేసే మనుషులకు అప్పగించండి. కొబ్బరి మట్టల జోలికైతే ఈ రంపంతో పోనే వద్దు.

ఎప్పుడు, ఎంత

మామిడికి కాయ దిగిన వెంటనే, జూన్, జూలైల్లో. ఆగస్టు దాటించకండి. అప్పుడు కోస్తే వచ్చే చిగురు ముదిరి డిసెంబరు, జనవరిల్లో పూతకొస్తుంది. అక్టోబరు తర్వాత కోస్తే కాయబోయే రెమ్మల్నే కోసుకున్నట్టు. ఎండినవి, రోగం పట్టినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, నడిమధ్య నిలువుగా లేచిన నీటి కొమ్మలు, ఇంతవరకే. చెట్టు నడుమ ఎండ పడితే చాలు. మొదటి ఏడాదే బోడి చెయ్యకండి, ఎండకి లోపలి మాను బెరడు మాడిపోతుంది. మునగకు లెక్క వేరు, పీకేఎం-1 లాంటి ఏడాది మునగను కాపు అయ్యాక నేలనుంచి 90 సెంటీమీటర్ల దగ్గర కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది.

రోగమున్న చెట్టు కోశాక ఇంకో చెట్టుకి పోయేముందు బారునీ గొలుసునీ సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. వాన పడుతుంటే పని కట్టెయ్యండి, బురదలో కాలూ నిలవదు, బ్యాటరీకీ మంచిది కాదు. ఆరంగుళాల రంపం ఒక బ్యాటరీకి అరగంట ఆడుతుందేమో, రెండో బ్యాటరీ వెంటనే పెట్టకుండా కాసేపు కూర్చుని మజ్జిగ తాగండి. నా గ్లవుజు చిరిగింది మూడో బ్యాటరీలో.

తెగితే

రంపం దెబ్బ కత్తి దెబ్బలా సన్నగా ఉండదు, కండను చీరేస్తుంది. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద అరచేత్తో గట్టిగా అదమండి. తడిసిపోతే తియ్యకుండా దాని మీదే ఇంకోటి. చెయ్యి ఎత్తి పట్టుకుని 108కి ఫోన్. పసుపు, కాఫీపొడి, ఆకుపసరు గాయంలో వెయ్యకండి. డాక్టరు వాటిని కడగడానికే సగం సమయం పోతుంది. చిన్న దెబ్బైనా ధనుర్వాతం టీకా సంగతి అడగండి. ఆ గుడ్డా, ఫోనూ తోటలో మీ జేబులో ఉండాలి, ఇంట్లో అలమరాలో కాదు.

పని అయ్యాక

మామిడి సొన, రంపప్పొట్టు కలిసి మూత కింద ముద్దగా పేరుకుంటాయి, రెండ్రోజులకి రాయిలా గట్టిపడతాయి. అదే సాయంత్రం బ్యాటరీ తీసి, పాత టూత్ బ్రష్ కొంచెం కిరసనాయిల్లో ముంచి రుద్ది, ఆరాక నూనె రాయండి. బారును అప్పుడప్పుడు తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి.

పళ్లు మొద్దుబారాయో లేదో పొట్టు చెప్తుంది. వాడిగా ఉంటే కట్టె చిన్న చిన్న చెక్కుముక్కలుగా రాలుతుంది, మొద్దైతే పిండిలా వస్తుంది. పిండి వస్తుంటే మనకు తెలియకుండానే రంపం మీద బలం పెడతాం, జారేది అప్పుడే. ఆ గొలుసుకు సరిపడే గుండ్రటి ఆకురాయి తీసుకోండి, చిన్న గొలుసులకు 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా సన్నం, మాన్యువల్లో ఉంటుంది. ఒక పన్ను మీద పెన్నుతో గుర్తు పెట్టి, 30 డిగ్రీల వాలుగా, లోపలినుంచి బయటికి మాత్రమే, పన్నుకి మూడేసి తోపులు. ఒకవైపు పళ్లన్నీ అయ్యాక రెండో వైపు. లెక్క తప్పితే రంపం ఒక పక్కకు వంకరగా కోస్తుంది. గొలుసు అరిగి కొత్తది కొనేటప్పుడు బారు మీద చెక్కి ఉన్న పిచ్ (గొలుసు లింకుల మధ్య దూరం), గేజ్ (బారు గాడి వెడల్పు), డ్రైవ్ లింకుల (గాడిలో కూర్చునే మొనల) లెక్క మూడూ రాసుకుని వెళ్లండి. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కదు.

బ్యాటరీని వేడిమీద చార్జింగ్‌కి పెట్టొద్దు, అరగంట నీడలో చల్లారనివ్వండి. ఎండలో నిలిపిన కారులోనూ రేకుల పాకలోనూ ఉంచొద్దు. వచ్చే ఏడు దాకా రంపం ముట్టుకోమనుకుంటే సగం చార్జితో, మిషను నుంచి విడదీసి, ఇంట్లో చల్లటి చోట పెట్టండి. మా ఇంట్లో అది బియ్యం డబ్బా పక్కన ఉంటుంది, రంపం పాకలో ఉంటుంది. పిల్లలకి రెండూ ఒకేసారి దొరకవు.